కుంకుడు నీళ్లలో కడిగిన పచ్చ

2024 ఆగస్టు 17, శనివారం. తెలుక్ ఇంటాన్, మా ఇల్లు, ముందుగది. మధ్యాహ్నం మూడు గంటలు.

హాజరైనవారు: నేను. నా భార్య. ఆమె అన్నగారు, అంటే మా బావ, సుంగై పెటాని నుంచి కారులో వచ్చాడు. పక్క వీధి మిత్రుడు, భూమి కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మలయ్ ఆయన. హాజరైన రాళ్లు: నావి పదకొండు, మిత్రుడివి రెండు, బావది ఒకటి. వర్షం లేదు. కిటికీ వెలుతురు రాళ్లు చూడటానికి సరిపోయింది.

ఆ రోజు డైరీలో మొదట ఉన్నది ఇంతే. తర్వాత నాలుగు పేజీలు నిండాయి. ఒక రోజుకు నాలుగు పేజీలు రాయడం నా జీవితంలో అది మూడోసారి.

పంతొమ్మిదో ఏట ఇక్కడే మలేషియాలో, బాగన్ దాతుక్ దగ్గర పామాయిల్ మిల్లు ల్యాబులో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. రెండు గంటలకోసారి నూనె పట్టి, అందులో పులుపు ఎంతుందో చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. రాయకపోతే ఆ పరీక్ష జరగనట్టే లెక్క. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ముప్పై నాలుగేళ్లు గాజు గొట్టాల్లో ఎర్రటి నూనె చూశాను. పచ్చి పామాయిల్ నారింజ కలిసిన ఎరుపు రంగులో ఉంటుంది. అంత ఎరుపు చూసిన కళ్లకు ఆకుపచ్చ మీద మోజు కలగడంలో వింత లేదని నా భార్యకు చాలాసార్లు చెప్పాను. ఆమె నమ్మలేదు.

నా పెట్టెలో రాళ్లకు ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలున్నాయి. వాటికంటే ముందు సున్నా అంకె వేసిన పొట్లం ఒకటుంది. అందులో మా అమ్మ కమ్మల్లోని రెండు పచ్చ రాళ్లున్నాయి. అవి గాజువి. అమ్మ పోయాక కమ్మలు బాగుచేయించడానికి తీసుకెళ్తే కంసాలి ఒక్క చూపు చూసి ఆ మాట చెప్పాడు. అమ్మ జీవితమంతా వాటిని పచ్చలనుకునే పెట్టుకుంది. గాజుకూ పచ్చకూ తేడా ఎలా తెలుస్తుందో నేర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను. నేర్చుకున్నాను. మిల్లు ల్యాబు మూసేసినప్పుడు పాత త్రాసూ, మైక్రోస్కోపూ, దానితోపాటు ఉన్న సీసాలూ నేనే కొనుక్కున్నాను. రాయిని సన్నని దారంతో నీటిలో వేలాడదీసి తూచి, గాలిలో తూకంతో పోల్చితే అది ఏ జాతి రాయో చాలామటుకు తేలిపోతుంది. మిగిలింది భూతద్దం చెబుతుంది.

నా పదకొండూ అరుదైన ఆకుపచ్చలు. ఖరీదైనవని కాదు. నగల షాపులో వాటి పేరు చెబితే అక్కడి అమ్మాయి "ఏమిటి సార్?" అని మళ్లీ అడుగుతుంది. నాలుగో అంకెది గార్నెట్ జాతిలో పచ్చనిది, డిమాంటాయిడ్ అంటారు. బఠాణీ గింజలో సగం కూడా ఉండదు. దాని లోపల బంగారు దారాలు ఒక చోట నుంచి గుర్రపు తోకలా విచ్చుకుంటాయి. మామూలుగా రాయిలో మచ్చ ఉంటే విలువ తగ్గుతుంది, దీనికి ఆ తోక ఉంటేనే గౌరవం. ఏడోది శ్రీలంక నుంచి వచ్చిన పచ్చ జిర్కాన్. తొమ్మిదోదాని పేరు కోర్నెరుపిన్. ఒక వైపు నుంచి చూస్తే పచ్చగా, పక్కకు తిప్పితే గోధుమరంగులో ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అమ్మినవాడు దాన్ని వేరే రాయని అమ్మాడు. ఆ పద్నాలుగు నెలల రాతలూ డైరీల్లో ఉన్నాయి. ఎవరైనా అడిగితే చూపిస్తాను. ఎవరూ అడగరు.

బావకు ఈ ఓపిక లేదు. ఆయనది ఒకటే రాయి, అదీ అసలైన పచ్చ, మరకతం. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా రిటైరైన ఏడాది పెనాంగ్‌లో ఒక ముసలి వ్యాపారి దగ్గర కొన్నాడు. పచ్చల్లో సన్నని చీలికలు లేనివి దాదాపు ఉండవు. అవి కనబడకుండా గనుల దగ్గరే నూనె పట్టిస్తారు. నూనె తగలకుండా అంత నిర్మలంగా ఉండే పచ్చ చాలా అరుదు. బావ రాయికి నూనె చుక్క తగల్లేదని ఆ వ్యాపారి ప్రమాణం చేశాడట. ఆరేళ్లుగా పెళ్లి విందుల్లోనూ, రామ భజన మందిరంలోనూ, మా ఇంటి భోజనాల దగ్గరా బావ ఆ మాట చెబుతూనే ఉన్నాడు.

ఈపోలో ఏడాదికోసారి రాళ్లు పోగుచేసేవాళ్లు ఒక హాల్లో కలుస్తారు. అమ్మకాలుండవు. ఎవరి రాయి వాళ్లు బల్ల మీద పెట్టి, పక్కన అట్టముక్క మీద వివరం రాయాలి. ఈసారి బావ కూడా పెడతానన్నాడు. ఆదివారం ఆ సమావేశం. దానికి సరిగ్గా వారం ముందు రాయి తెచ్చి నా చేతిలో పెట్టి, తూకం వేసి బొమ్మ గీసి ఉంచమన్నాడు. రాయి లోపల కనిపించేవన్నీ నేను పెన్సిల్‌తో డైరీలో గీస్తాను. ప్రతి రాయి లోపలా ఒక వేరే లోకం ఉంటుంది, రెండు రాళ్లకు ఒకటే ఉండదు.

శనివారం మూడింటికి, మొదట నా రాళ్లు చూపించాను. మిత్రుడు నాలుగో అంకెను భూతద్దం కింద చాలాసేపు చూశాడు. మేం ముగ్గురం కలిస్తే మలయ్‌లోనే మాట్లాడుకుంటాం, ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను. నన్ను "బాంగ్" అంటాడు, అన్నయ్య అని. మాట చివర 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం.

"బాంగ్, ఈ తోక చూసిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది లా."

"మీ బాంగ్ రాళ్లు సూడాలంటే భూతద్దం కావాల," అన్నాడు బావ. "నా రాయికి కళ్లు సాలు. తియ్యి బావా, సూపించు."

పొట్లం విప్పాను. కాగితం మీద రాయిని దొర్లించి బావ ముందుకు తోశాను.

బావ నవ్వు ఆగిపోయింది. రాయిని వేళ్లతో పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. నాకూ అప్పుడే కనిపించింది. పచ్చ మధ్యలో తెల్లటి గీతలు మూడు, ఒకటి పొడవుగా, రెండు అడ్డంగా. పగిలిన అద్దంలా ఉంది.

"ఇది నా రాయి కాదు బావా," అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నీ రాయే," అన్నాను.

"నా రాయిలో గీతల్లేవు. ఆరేళ్ల బట్టి సూస్తన్నాను, నాకు తెలవదా? తూకం ఎయ్యి."

వేశాను. 1.83 క్యారెట్లు. వారం కిందట 1.84 అని నేనే చెప్పాను, ఆయనకు గుర్తుంది.

"సూసినావా," అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నా పెట్టె వైపు ఒకసారి చూశాడు. పదకొండు రాళ్లున్న పెట్టె వైపు. ఆ చూపు నేను మర్చిపోలేదు. నలభై ఆరేళ్ల బంధుత్వంలో మా బావ నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

పొట్లం విప్పిన ప్రతిసారీ మడత మీద తేదీ రాసి సంతకం చేయడం నా పద్ధతి. మడత మీద పోయిన ఆదివారం సంతకం ఒక్కటే ఉంది. అంటే నేను ఆ తర్వాత విప్పలేదు. కానీ నా సంతకం నాకే సాక్ష్యమంటే ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పించగలిగింది ఒక్కటే ఉంది, ఆదివారం డైరీ పేజీ. అందులో బొమ్మ ఉంది. తీయడానికి నా చేయి ముందుకు రాలేదు. ఎందుకంటే ఆ బొమ్మ కింద ఇంకో రెండు పంక్తులు కూడా ఉన్నాయి.

నిమిషంపాటు ఆలోచించి ఉంటాను. తర్వాత లేచి డైరీ తెచ్చి, పేజీ తెరిచి, బావ ముందు కాకుండా మిత్రుడి ముందు పెట్టాను.

"నువ్వు చూడు," అన్నాను. "నువ్వు మా ఇద్దరికీ చుట్టం కాదు."

భూమి కొలిచిన మనిషి ఏదీ తొందరపడి చెప్పడు. రాయిని కాగితం మీద నేను గీసిన దిక్కుకే తిప్పి పెట్టాడు. బొమ్మ చుట్టూ గడియారంలా అంకెలు వేసుకున్నాడు. భూతద్దంలో చూసి, బొమ్మ చూసి, మళ్లీ భూతద్దం. బావ కాలు ఊపుతున్నాడు.

"రెండు గంటల దిక్కున కొబ్బరి మట్టలాంటి పొర," అన్నాడు మిత్రుడు చివరికి. "బొమ్మలో ఉంది, రాయిలో ఉంది. ఆకులు ఎడమ వైపు ఏడు, కుడి వైపు ఐదు. రెండిట్లోనూ అంతే. దాని కింద రంపపు పళ్ల అంచుతో చిన్న గది. గదిలో నీరు, నీటిలో బుడగ, బుడగ పక్కన చదరపు గడ్డ." భూతద్దం దించాడు. "సరిహద్దు రాళ్లు అన్నీ కలిశాయి బాంగ్. ఇది అదే పొలం. నేను సంతకం పెడతాను."

"మరి గీతలు?" అన్నాడు బావ.

"గీతలు కూడా బొమ్మలో ఉన్నాయి లా. సన్నగా, చుక్కలతో గీశాడు. పక్కన ఏదో రాసి ఉంది. మీ అక్షరాలు నాకు రావు."

బావకూ రావు. ఆయన చదివింది తమిళ బడిలో. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. మా ఇంట్లో తెలుగు చదివేది నేనూ, నా భార్యా. ఆమె టీ, బంగాళాదుంప కూర పెట్టి వేయించిన కరిపాప్‌ల పళ్లెంతో అప్పుడే వచ్చింది.

"నువ్వు సదువే," అన్నాడు బావ. "మీ ఆయన సదివితే నమ్మను."

ఆమె పళ్లెం దించి, కళ్లజోడు పెట్టుకుని, నిలబడే చదివింది. బడి పిల్లలా ప్రతి అక్షరం పలుకుతూ చదువుతుంది. తూకం, కొలతలు, మట్ట, గది చదివింది. తర్వాత ఆగింది. నా వైపు చూసింది. ఆ రెండు పంక్తులు మింగేసి పేజీ మూసెయ్యడం ఆమెకు తేలిక. అడిగేవాళ్లు లేరు. నేను తల వంచుకున్నాను. ఆమె చదివింది.

"'చుక్కల గీతలు మూడు: చీలికలు. దీపం దగ్గర పెడితే చీలికల లోపల బుడగ కదిలింది. నూనె ఉంది. బావకి చెప్పలేదు. ఈపో అయ్యాక చెప్పాలి.'"

కరిపాప్‌ల ఆవిరి పైకి పోతూ ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

"నూనె ఉందా?" అన్నాడు బావ.

"ఉంది."

"ఆరేళ్లు ఊరందరికీ నేదని సెప్పినాను."

"చెప్పావు."

"నీకు తెలిసి, రేపు అంతమంది ముందు నాను ఆ మాటే అట్టమీద రాసుకుంటే సూస్తూ ఊరుకుందువా?"

ఆయన సంబరం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. మర్యాద అనుకున్నాను. ల్యాబులో అలా చేసి ఉంటే నా ఉద్యోగం పోయేది. పులుపు ఎక్కువైన నూనెను మేనేజరు బాధపడతాడని బాగుందని రాస్తామా?

"తప్పు నాది," అన్నాను. "పుస్తకంలో రాశాను, నీకు చెప్పలేదు."

"అదే ఈయన గుణం," అంది నా భార్య. "పుస్తకానికి సెప్తారు. మనుషులకి సెప్పరు." అని మళ్లీ పేజీ వైపు చూసింది. "ఏటండీ, ఆ నూనె ఏడి నీళ్లకి పోతాదా?"

నేను తలెత్తాను.

"ఎంత వేడి నీళ్లు?"

"కుంకుడు నీళ్లు. పొగలు వస్తన్నవి." ఆమె బావ వైపు తిరిగింది. "అన్నా, నానే కడిగినాను. నిన్న సుక్రవారం, ఈయన బజారుకెళ్లినప్పుడు. పరాయి సేతుల్లోంచి వచ్చిన రాయి, కడగకుండా ఇంట్లో ఎలా ఉంచుతాను? పొద్దున్నుంచి మద్దినం దాకా నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దినాను. పసుపు బొట్టెట్టి దీపం ముందెట్టి, తుడిసి, మళ్లీ పొట్లం కట్టినాను. ఇప్పుడు ఇంకా మెరుస్తాదనుకున్నాను."

ఇది తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మా వాళ్లు తోటల ఎస్టేట్లలో కూలీలుగా ఉన్న రోజుల్లో నగలు ఇంట్లో ఉన్న నెలలకంటే తాకట్టు షాపులో ఉన్న నెలలే ఎక్కువ. విడిపించి తెచ్చిన నగను ఆడవాళ్లు నేరుగా మెడలో వేసుకునేవారు కాదు. వేడి కుంకుడు నీళ్లలో నానబెట్టి, రుద్ది కడిగి, పసుపు పెట్టి, శుక్రవారం దీపం ముందు ఉంచి, అప్పుడే వేసుకునేవారు. పరాయివాళ్ల చూపు, పరాయివాళ్ల చేతులు వదలాలని. తాకట్లు పోయాయి, అలవాటు మిగిలింది. బంగారానికి ఆ స్నానం మంచిదే. పచ్చలో నూనెకు మాత్రం అంతకంటే పెద్ద శత్రువు లేదు. నూనె కడిగేస్తే చీలికల్లోకి గాలి దూరుతుంది, గీతలు తెల్లగా బయటపడతాయి. ఒక పాయింటు, అంటే క్యారెట్‌లో నూరో వంతు, తూకం తగ్గింది కూడా అందుకే.

బావ చెల్లెలి వైపు తిరిగాడు.

"అమ్మ కూడా ఇలాగే కడిగేది," అన్నాడు. "గుర్తుందా, నా గడియారం కూడా కడిగీసింది."

"అది నడవనేదు."

"నడవనేదు."

మిత్రుడికి విషయం మలయ్‌లో చెప్పాను. ఆయన నవ్వాలో వద్దో తెలియక ఒక కరిపాప్ తీసుకున్నాడు.

కానీ బావ ముఖం తేరుకోలేదు. రాయిని తిరిగి కాగితంలో పెట్టాడు. "నాను రేపు రాను. మీరెళ్లండి. ఈ పగిలిన సరుకు పట్టుకుని ఏటి సెప్పను అక్కడ?"

"కొబ్బరి నూనె ఎయ్యండి," అంది నా భార్య. "పోయింది నూనే కదా."

"పామాయిల్ వెయ్యి లా, బాంగ్ ఇంట్లో కొదవా?" అన్నాడు మిత్రుడు.

ఇక్కడ నేను కొంచెం గర్వపడితే పాఠకులు మన్నించాలి. ఆ ఇంట్లో నూనెల గురించి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుందని, ఈపో హాల్లో ఏసీ కింద అరగంటలో బావ రాయి తెల్లబడిపోతుందని చెప్పాను. పామాయిల్ కూడా అంతే, పైగా రంగు ఉంటుంది. కొన్నాళ్లకు రెండూ చెడిపోతాయి. రాయిలో వెలుతురు ఎలా వంగుతుందో, నూనెలో కూడా దానికి దగ్గరగా వంగాలి. అప్పుడే గీత కనబడదు. అలాంటి నూనె మామూలు వంటింట్లో ఉండదు. మా ఇంట్లో ఉంది. పాత మైక్రోస్కోప్‌తోపాటు వచ్చిన సీసా, దేవదారు నూనె. అద్దానికీ గాజు పలకకూ మధ్య చుక్క వేయడానికి ల్యాబుల్లో వాడేవాళ్లం. మూత మీద నేను తెరిచిన తేదీలన్నీ ఉన్నాయి.

"వేయనా?" అని బావను అడిగాను. "నీ రాయి. నువ్వు చెబితేనే. వేస్తే నూనె ఉన్న రాయే అవుతుంది. ఇకమీదట లేదని చెప్పడానికి ఉండదు."

ఆయన టీ తాగాడు. చల్లారిపోయిన టీ.

"నూనె లేని రాయని ఆరేళ్లు మురిసినాను," అన్నాడు. "ఇప్పుడు ఉన్న రాయని తెలిసింది. తెలిసినాక మురవడం సేతకాకపోతే అది నా తప్పు. ఎయ్యి."

సాయంత్రం ఐదున్నరకు నా భార్య ఇడ్లీ గిన్నెలో అడుగున నీళ్లు పోసి సన్నటి సెగ మీద పెట్టింది. నీళ్లు మరగకూడదని నేను, మరగవని ఆమె. గాజు కప్పులో నూనె, నూనెలో రాయి, కప్పు నీళ్లలో. చేయి ఓర్చుకునేంత వేడి. ఉష్ణోగ్రత పావుగంటకోసారి రాశాను. మిత్రుడు ఇంటికి వెళ్తూ డైరీలో బొమ్మ కింద సంతకం పెట్టి, పక్కన 'సరిహద్దులు సరిచూశాను' అని తన అక్షరాల్లో రాశాడు. ఏడు గంటలకు స్టవ్ ఆపి, గిన్నెకు మూత పెట్టి, భోజనాలు చేసి పడుకున్నాం. బావ ముందుగదిలో పడుకున్నాడు.

మర్నాడు ఆదివారం. ఉదయం ఆరింటికి లేచేసరికి బావ అప్పటికే వంటింట్లో కుర్చీ వేసుకుని గిన్నె ఎదురుగా కూర్చున్నాడు. మూత తీయలేదు. నేను వచ్చేదాకా ఆగాడు.

తీసి తుడిచి భూతద్దం కింద పెట్టాను. అడ్డ గీతలు రెండూ పోయాయి. పొడవు గీత చివర వెంట్రుకంత మిగిలింది, అది నిజం కాబట్టి రాస్తున్నాను. కొబ్బరి మట్ట, గది, బుడగ, గడ్డ అన్నీ చోట్లలోనే ఉన్నాయి. తూకం 1.84. బావ త్రాసు మీది అంకెను రెండుసార్లు పైకి చదివాడు.

ఈపో హాల్లో మా నలుగురికీ ఒకే బల్ల దొరికింది. నా పదకొండు ఒక వైపు, మిత్రుడివి రెండు మరో వైపు, మధ్యలో బావ పచ్చ. అట్టముక్క నేను రాయబోతే బావ పెన్ను లాక్కున్నాడు. మలయ్‌లో, పెద్ద అక్షరాలతో రాశాడు: 'పచ్చ. 1.84 క్యారెట్లు. నూనె ఉంది. పట్టించింది: నిన్న సాయంత్రం, తెలుక్ ఇంటాన్.' రాసి, నా సంచిలోంచి డైరీ తీసి, బొమ్మ ఉన్న పేజీ తెరిచి రాయి పక్కన పెట్టాడు.

కాసేపటికి ఒకాయన వచ్చి వంగి, రాయి కంటే బొమ్మనే ఎక్కువసేపు చూశాడు. ఎవరు గీశారని అడిగాడు.

"మా బావ," అన్నాడు బావ. "ఈ బల్ల మీద అన్నిటికంటే పెద్ద సరుకు ఆ పుస్తకమే. రాయి కడిగింది మాత్రం మా చెల్లి."

నా భార్య వెనక కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పెద్దమనిషికి నమస్కారం పెట్టి, తెలుగులో మా బావతో అంది:

"నానే కడిగినానని సెప్పినావు గదా. ఇంటికెళ్లినాక మళ్లీ కడుగుతాను. ఇంతమంది సూసినారు."